ముందు నడిచినవాడి పేరు

అమెరికా సైన్యంలో నేను పనిచేసిన ఇరవై ఏళ్లలో నా ఇంటిపేరును పూర్తిగా పలికినవాళ్లు ఇద్దరే. ఒకరు నాకు శిక్షణ ఇచ్చిన వాకర్ అనే ముసలి సార్జెంటు. రెండో ఆయన అసలు అమెరికన్ కాదు, అఫ్గాన్ సైన్యంలో సార్జెంటు, పేరు హకీం. మిగతా అందరికీ నేను ‘ఆల్ఫాబెట్’ని. ఛాతీమీది పేరు పట్టీలో ‘ఎలగందుల’ ఇరుక్కుని కూర్చోవడం చూసి, అక్షరమాల మొత్తం కుట్టించుకున్నావని నవ్వి ఆ పేరు తగిలించారు. అది ముద్దుపేరని చాలామంది సర్దిచెప్పారు. ముద్దుపేరు పెట్టించుకున్నవాడికి కూడా ముద్దుగా ఉండాలి కదా.

చివరి పోస్టింగు జర్మనీలో పడింది. రిటైరయ్యాక ఇక్కడే, కైసర్స్‌లౌటర్న్ పక్కన ఒక పల్లెలో ఉండిపోయాం. మా ఆవిడ సునీత ఊరి కిటాలో, అంటే పసిపిల్లల బడిలో, పిల్లల్ని చూసుకుంటుంది. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలు కొందరు ఈమధ్య సైన్యంలో చేరి ఇక్కడి బేసుకు వస్తున్నారు. ఆదివారం పప్పన్నం కోసం మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. వాళ్లలో స్నేహ అనే అమ్మాయి, పరాయి దేశపు సైనికులతో కలిసి పనిచేసే బృందానికి ఎంపికైంది. నేను ఎక్కువ ఏళ్లు చేసిన పని అదే.

“హానెస్ట్‌గా చెప్పండి అంకుల్, అసలు ఆ జాబ్‌లో ఏం చేస్తాం?” అని అడిగింది.

“చాయ్ తాగుతం. నడుస్తం. పేర్లు యాదికుంచుకుంటం.”

“అంతేనా?”

“అంతే. ఆ మూడోదాంట్లనే అందరు ఫెయిలయితరు.”

ఆ అమ్మాయి నవ్వింది. అది నవ్వే మాట కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పతకాలు, ప్రమోషన్లు, నాకు రావలసి రాకుండాపోయినవి కూడా, పక్కన పెడుతున్నాను.

వాకర్ పాఠం

అఫ్గానిస్తాన్‌కు పంపే ముందు మాకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చారు. పాఠాలు చెప్పేవాళ్లలో అందరికంటే పెద్దవాడు వాకర్. సైన్యం వదిలి చాలా కాలమైనా, వియత్నాంలో పనిచేసిన అనుభవం ఉందని పిలిపించారు. ఆయన మాట్లాడుతుంటే వెనక బెంచీల్లో కునుకు తీసేవాళ్లు. ‘తాతయ్య యుద్ధం’ అని వెక్కిరించేవాళ్లు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

వియత్నాంలో ఆయన అక్కడి సైనికుల దళానికి సలహాదారు. ఒక్కడే అమెరికన్, చుట్టూ వియత్నాం వాళ్లు. వాళ్ల సార్జెంటు పేరు బావ్. వరిమళ్ల గట్లమీద బావ్ ముందు నడిస్తే, అతని అడుగులో అడుగు వేసుకుంటూ వాకర్ నడిచేవాడు. మొదటివారం తన డబ్బా తిండి తాను విడిగా కూర్చుని తిన్నాడట. ఎవరూ ఏమీ అనలేదు. అయితే ఆ వారమంతా ఎవరూ ఆయనతో మాట్లాడలేదు కూడా. రెండోవారం వాళ్ల కుండ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. బావ్ తన గిన్నెలోని చేపముక్క తీసి ఈయన అన్నంమీద పెట్టాడు. మాటలు అక్కడ మొదలయ్యాయి.

“నా ఏడాది అయిపోయింది, విమానం ఎక్కాను,” అన్నాడు వాకర్ ఒకరోజు, మేమిద్దరమే ఉన్నప్పుడు. “బావ్‌కు ఏడాది అయిపోవడమంటూ ఉండదు. అది అతని ఊరు. తర్వాత ఒక గట్టుమీదనే పోయాడని ఎవరో చెప్పారు. మావాళ్ల పేర్లు యుద్ధ స్మారకంలో నల్లరాతి మీద చెక్కారు. వెళ్లి వేలితో తడిమి వస్తుంటాను. బావ్ పేరు ఎక్కడ తడమాలి, ఎలగందులా?”

నా పేరు అంత స్పష్టంగా ఎలా పలికారని అడిగాను.

“నిన్ను మొదటిరోజే అడిగాను కదా. ఇంటికెళ్లి అద్దం ముందు నేర్చుకున్నాను. అంతకంటే ఏం కావాలి?” అన్నాడు. తర్వాత, “నీ ముందు ఎవడు నడుస్తాడో వాడి పేరు అందరికంటే ముందు నేర్చుకో. అందరికంటే ముందు పిలువు,” అన్నాడు. ఆ శిక్షణ మొత్తంలో పనికొచ్చిన మాట అదొక్కటే.

దుబాసీ కుర్చీ

మా కంపెనీ కమాండర్ కెప్టెన్ కోల్. నా ఫిర్యాదులన్నీ చివరికి ఆయన దగ్గరికే చేరతాయి కాబట్టి ముందే న్యాయంగా ఒక మాట చెప్పాలి. కోల్ మంచి కమాండర్. రేడియోలో అబద్ధం చెప్పలేదు. తూటాలు అయిపోవస్తున్నాయంటే వచ్చి తీరేవి. మంచి కమాండర్ కాబట్టే ఆయన్ని క్షమించలేకపోతున్నాను. చేతకానివాడైతే వదిలేసేవాణ్ని.

అఫ్గాన్ సైనికులతో మాట్లాడటానికి మాకు దుబాసీలు ఉండేవాళ్లు. నాకు వాళ్ల అవసరం పెద్దగా పడలేదు. కరీంనగర్‌లో మా నాన్నకు లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. అక్కడి మేస్త్రీలందరిదీ ఉర్దూ. నేను మాటలు నేర్చింది వాళ్ల మధ్యే. అఫ్గాన్ దళానికి సార్జెంటు అయిన హకీం చిన్నతనమంతా పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో గడిచింది, ఆయనకూ ఉర్దూ వచ్చు. మొదటిరోజు నేను నోరు తెరవగానే ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు.

“భాయ్, ఈ ఉర్దూను ఇట్లా పాడుచేసింది ఎవరు?”

“మా ఊరోళ్లు. మాకు ఇదే అసలుది.”

“‘నక్కో’ అంటే ఏంది?”

“వద్దు అని.”

“మరి ‘నహీ’ అనకుండా ఆ మాటనెందుకు ఇట్లా చితక్కొట్టినవు?”

ఆయన మనుషులు పడీపడీ నవ్వారు. ఆ రోజునుంచి ఎవరైనా పని తప్పించుకోవాలంటే ‘నక్కో’ అనేవాళ్లు.

ఈ భాష నాకు తెచ్చిన గౌరవం ఏమిటంటే, సమావేశాల్లో నన్ను సార్జెంట్ల వరసలోంచి లేపి దుబాసీల కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్తగా వచ్చిన కాపలావాడొకడు భోజనాల హాలు గుమ్మం దగ్గర నన్ను ఆపి, “స్థానిక పనివాళ్ల దారి అటువైపు” అన్నాడు. ఒంటిమీద వాడి యూనిఫాం లాంటిదే ఉంది, భుజంమీద వాడి జెండా లాంటిదే ఉంది. వెనక వరసలో ఉన్న మావాళ్లు నవ్వారే తప్ప ఒక్కడూ నోరు విప్పలేదు. ఆ సంగతి హకీంకు చెబితే ఆయన నవ్వలేదు. “అటు దారిలో పోయి ఉండాల్సింది. మా దగ్గర రొట్టె వేడిగా ఉండె,” అన్నాడు.

హకీం హాజరు

హకీం రోజూ పొద్దున నమాజు అయ్యాక తన మనుషుల్ని వరసగా నిలబెట్టి పేర్లు పిలిచేవాడు. చేతిలో కాగితం ఉండదు, ఆయనకు చదువు రాదు. ఒక్కొక్కడి ముఖం చూసి పిలుస్తాడు, వాడు “హాజిర్” అంటాడు. మా బడిలో హాజరు పలికినట్టే. అమెరికన్ అధికారులకు అది వింతగా కనిపించేది. తలలు వేలితో లెక్కపెట్టుకుంటే సరిపోయేదానికి ఇంతసేపా అని విసుక్కునేవాళ్లు. ఒక లెఫ్టినెంటు నిజంగానే వేలు చూపించి లెక్కపెట్టబోయాడు. హకీం వెళ్లి ఆయన చెయ్యి మెల్లగా కిందికి దించాడు. “గొర్రెలను అట్ల లెక్కపెడతరు. మనుషులను పిలుస్తరు,” అన్నాడు. నేను అనువదించాను. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు.

ఒకరోజు నేను వరస చివర నిలబడి చూస్తున్నాను. అందరి పేర్లూ అయ్యాక హకీం నావైపు తిరిగాడు.

“ఎ-ల-గం-దు-ల.”

ఆయన బావమరిది నజీబ్ కూడా ఆ దళంలోనే సిపాయి. వాడు నా పక్కటెముకల్లో మోచేత్తో పొడిచి, “చెప్పు, లేకుంటే తప్పిపోయినవనుకుంటడు,” అన్నాడు.

“హాజిర్,” అన్నాను.

“ఆ పేరుకు అర్థమేంది?” అని హకీం అడిగాడు.

“ఒక ఊరు. మా తాతల ఊరు.”

“అయితే నువ్వు ఊరును వెంటబెట్టుకుని తిరుగుతున్నవు. మంచిది. నాకైతే ఒకటే పేరు. పోగొట్టుకుంటే ఇంకోటి లేదు.”

ఆ పొద్దు మొదలు, మేం కలిసి ఉన్నన్నాళ్లూ ఆయన హాజరులో నా పేరు ఉంది. దానికోసం నేను అడగలేదు, ఆయన ఎవరి అనుమతీ తీసుకోలేదు.

కాలువగట్టు

కలిసి గస్తీ వెళ్లినప్పుడల్లా అఫ్గాన్లు ముందు, మేం వెనక. నేల వాళ్లది, దారి వాళ్లకు తెలుసు అనేది కోల్ వాదన. అది నిజమే. నేల తెలిసినవాడి కాళ్లు కూడా కాళ్లే అన్నది అంతే నిజం. ఆ రెండో మాట మా సమావేశాల్లో ఎవరూ అనలేదు. అన్నవాడిని నేనొక్కడినే, నన్ను దుబాసీ కుర్చీలోంచి మాట్లాడవద్దన్నారు.

ఆ రోజు దానిమ్మ తోటల పక్క కాలువగట్టుమీద వెళ్తున్నాం. ముందు హకీం, కాస్త వెనక మా కార్పోరల్ మిల్లర్, అతని వెనక నేను. మిల్లర్ పనివాడు, ఎక్కువ మాట్లాడడు. హకీం దగ్గర పష్తోలో తిట్లు మాత్రం శ్రద్ధగా నేర్చుకునేవాడు. రోజూ ఆ గట్టుమీద ఆడే పిల్లలు ఆ వేళ కనిపించలేదు. హకీం ఆగి, వెనక్కి చూడకుండానే అరచెయ్యి పైకెత్తాడు. ఆగమని. నేను ఆగాను. నా వెనక అందరూ ఆగారు. మిల్లర్ చేతిలో మందుపాతరలు వెతికే పరికరం ఉంది, అటువంటప్పుడు ముందుకు వెళ్లడమే అతని పని. హకీం పక్కకు చేరాడు. ఇద్దరూ వంగి నేలను చూస్తూ ఏదో అనుకున్నారు.

నేల లేచింది. దానికంటే ఎక్కువ రాయను. ఇద్దరూ అక్కడే పోయారు. ఆ అరచెయ్యి లేవకపోతే ఈ వాక్యం రాసేవాడు ఉండడు.

తాడుకు అవతల

మా సైన్యంలో ఒక ఆచారం ఉంది. చనిపోయినవాడి బూట్లు పెట్టి, తుపాకీని తలకిందులుగా నిలబెట్టి, దానిమీద హెల్మెట్ ఉంచుతారు. కంపెనీ అంతా నిలబడుతుంది. ఫస్ట్ సార్జెంటు హాజరు పిలుస్తాడు. ముందు బతికున్నవాళ్ల పేర్లు కొన్ని పిలిస్తే వాళ్లు పలుకుతారు. తర్వాత చనిపోయినవాడి పేరు పిలుస్తాడు. జవాబు రాదు. మళ్లీ పిలుస్తాడు. మూడోసారి పూర్తిపేరుతో పిలుస్తాడు. అప్పటి నిశ్శబ్దం ఎంత కఠినమైన మనిషినైనా వంచుతుంది.

ముందురోజు కోల్ దగ్గరికి వెళ్లాను.

“సర్, రేపు హకీం పేరు కూడా పిలవాలి.”

“అది మన కంపెనీ హాజరు, ఆల్ఫాబెట్. మన హాజరులో ఉన్నవాళ్ల పేర్లే పిలుస్తాం.”

“ఆయన హాజరులో నేనున్నాను సర్.”

“నాకు తెలుసు. మంచి మనిషి. వాళ్ల సైన్యం వాళ్ల పద్ధతిలో చేసుకుంటుంది.”

“మన ముందు నడిచాడు సర్.”

“ఒక్క పేరు చేరిస్తే ఇంకా ఎన్నో చేర్చాలి. ఎక్కడ ఆపమంటావు?”

“ఆపవద్దు సర్.”

ఆయన టోపీ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఫస్ట్ సార్జెంటు హారిస్ హాజరు పిలిచాడు. మిల్లర్ పేరు మూడుసార్లు వినిపించింది. అఫ్గాన్ సైనికుల్ని ఒక తాడు కట్టి దాని అవతల నిలబెట్టారు, భద్రత పేరుతో. అయిపోయాక అందరూ కదులుతున్నారు గానీ నజీబ్ కదలలేదు. నేను వెళ్తే తాడు మీదుగా నా చెయ్యి పట్టుకున్నాడు.

“మావాడి పేరు ఎప్పుడు పిలుస్తరు?”

అప్పటికి వాడు ఏడవలేదు. ఇంకా కార్యక్రమం మిగిలి ఉందని నమ్ముతున్నాడు.

“ఈ రోజు పిలవరు. నేను పిలిపిస్త,” అన్నాను.

ఆ మాట నోటినుంచి వచ్చేసింది. దాన్ని పట్టుకుని మిగతా సర్వీసంతా నడిచాను. ఎవరెవరిని అడిగానో, ఎవరు ఏమన్నారో రాస్తే పుస్తకమవుతుంది. యుద్ధం ముగిసింది వదిలెయ్ అన్నారు. నీకు వాళ్లమీద మమకారం ఎక్కువ అన్నారు. అసలు నువ్వు ఎవరివైపు అని ఒకాయన అడిగాడు. నేను ఎవరివైపో కాలువగట్టుమీద నిలబడ్డవాళ్లకు తెలుసు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో చాయ్

కాబూల్ చేతులు మారాక నజీబ్ చాలా దేశాలు తిరిగి జర్మనీ చేరాడు. ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేస్తున్నాడు. ఎవరి ద్వారానో నా నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. స్టేషన్ దగ్గర ఒక అఫ్గాన్ హోటల్లో కలుసుకున్నాం. గడ్డం నెరిసింది. నన్ను చూడగానే, “నక్కో భాయ్!” అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

పిల్లల గురించి చెప్పాడు. వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకక పడ్డ అవస్థ చెప్పాడు. “మీ హైదరాబాద్ విమానం పెట్టెలు నేను ముట్టుకుంటనే గుర్తుపడత. పచ్చళ్ల బరువు,” అని నవ్వాడు. రెండో గ్లాసు చాయ్ వచ్చాక నవ్వు ఆపి ఒకే ఒక మాట అడిగాడు.

“పిలిచినరా?”

లేదన్నాను. తల ఊపాడు. తప్పుపట్టలేదు. తప్పుపట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మా పాత కంపెనీవాళ్లు కొందరు ఈ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. ఏటా ఆకులు రాలే కాలంలో పల్లె హాలు అద్దెకు తీసుకుని చనిపోయినవాళ్లను తలుచుకుంటారు. పెద్దరికం కోల్‌ది, హాజరు పిలిచేది హారిస్. ఏటా అడుగుతున్నాను, ఏటా కాదంటున్నారు. ఈసారి ఫోన్లో కోల్, “కుటుంబాలు వచ్చే రోజు అది, గొడవ చేయకు ఆల్ఫాబెట్,” అన్నాడు.

సునీత వింటూనే ఉంది. “మల్ల లొల్లి పెడ్తవా?”

“పెడ్త.”

“పెడితే పెట్టు గని, గా నజీబ్ అన్నను పిలువు. ఎనక కుర్చీలల్ల కాదు, ముందటనే కూసోవెట్టు. ఈసారి తాడు లేదు గద.”

పల్లె హాలు

హాలు నిండింది. ముందు వరసలో నేను, సునీత, నజీబ్ కూర్చున్నాం. నజీబ్ కోటు వేసుకుని వచ్చాడు, కొత్తది. కోల్ వాణ్ని చూశాడు, నన్ను చూశాడు, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. బల్లమీద బూట్లు, హెల్మెట్ ఉన్నాయి.

హారిస్‌కు వయసైపోయింది, కర్ర పట్టుకుని నిలబడ్డాడు. బతికున్నవాళ్ల పేర్లు మొదలుపెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు లేచి పలికారు. నా వంతు వచ్చింది.

“సార్జెంట్ ఆల్ఫాబెట్.”

నేను లేవలేదు.

కొందరు నవ్వారు. నిద్రపోయాడా అని వెనక ఎవరో అన్నారు. హారిస్ కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ పిలిచాడు. నేను పలకలేదు. నవ్వు ఆగిపోయింది. పిలిస్తే పలకకపోవడం ఆ గదిలో ఎవరు చేసే పనో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

హారిస్ నా ముఖంలోకి చూశాడు. తర్వాత నజీబ్ ముఖంలోకి చూశాడు. తాడు అవతల నిలబడ్డ ఆ కుర్రాణ్ని గుర్తుపట్టాడని నాకు అప్పుడు అర్థమైంది. మూడోసారి, ఒక్కొక్క అక్షరం మీద అడుగువేసినట్టుగా, నా పూర్తిపేరు పలికాడు. ఎలగందుల అన్నాడు. అన్నేళ్లూ ఆయనకు ఆ పేరు వచ్చన్నమాట. దానికి నేనాయన్ని ఇంకా క్షమించలేదు.

లేచి నిలబడ్డాను. “నేను హాజిర్, ఫస్ట్ సార్జెంట్. నన్ను రోజూ పిలిచిన మనిషిని మీరు ఇంతవరకు పిలవలేదు. ఆయన్ని పిలవండి. లేకపోతే ఇకమీదట నన్ను కూడా పిలవకండి.”

అందరూ కోల్ వైపు చూశారు. కోల్ చాలాసేపు ఆ బూట్లను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచాడు. నిటారుగా నిలబడ్డాడు. ఆయన నిలబడ్డాడని హాలంతా నిలబడింది.

హారిస్ మిల్లర్ పేరు మూడుసార్లు పిలిచాడు. చనిపోయిన తక్కిన మావాళ్ల పేర్లన్నీ పిలిచాడు. ఆగాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“సార్జెంట్ హకీం.”

కిటికీ అవతల ట్రాక్టరు ఒకటి వెళ్తున్న చప్పుడు.

“సార్జెంట్ హకీం.”

నజీబ్ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. మూడోసారి పూర్తిపేరు పిలవాలి. ఆయనకు ఉన్నది ఒకటే పేరు. హారిస్ అదే పేరును, అంతకంటే గట్టిగా పిలిచాడు. మేం విన్నాం. ఎవరూ పలకలేదు. నజీబ్ అప్పుడు ఏడ్చాడు.

బయట కోల్ వచ్చి నజీబ్ చెయ్యి పట్టుకున్నాడు. నాతో, “ఇప్పుడు సంతోషమేనా?” అన్నాడు.

“లేదు సర్. చివర పిలిచారు.”

“అయితే?”

“ఆయన ముందు నడిచాడు.”

సునీత నా చొక్కా వెనక పట్టుకుని కారు వైపు లాగింది. స్నేహా, నువ్వడిగిన ప్రశ్నకు ఇదీ నా జవాబు. ఇక నజీబ్‌కు ఇచ్చిన మాటలో ఒక భాగం మిగిలే ఉంది. వచ్చే ఏడు హారిస్ పిలిచే మొదటి పేరు హకీంది కాకపోతే నేను మళ్లీ పలకను.